రోజూ రాస్తే చాలా? ఏ సాధన ఎవరికి పనికొస్తుంది

నా టేబుల్ సొరుగులో మూడు నోట్‌బుక్‌లు ఉన్నాయి. 11 నెలల పాటు ఒక్కరోజు కూడా మానకుండా, రోజుకో పేజీ చొప్పున నింపినవి. రాత మెరుగుపడాలంటే రోజూ రాయాలని ఎవరిని అడిగినా అదే మాట చెప్పేవారు. అందుకని జ్వరం వచ్చినా, ప్రయాణంలో ఉన్నా, కునికిపాట్లు పడుతూ అయినా సరే రాశాను. అన్నీ అయ్యాక ఒక ఆదివారం కూర్చుని మొదటి నెల పేజీలూ చివరి నెల పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. తేదీలు మూసేస్తే ఏది ముందు రాశానో, ఏది తర్వాత రాశానో నాకే తెలియలేదు. ఆఖరి నెలలో 17 పేజీలు "ఎందుకో తెలియదు కానీ" అనే మొదలయ్యాయి. చెయ్యి వేగం పెరిగింది. రాత ఉన్నచోటే ఉంది.

ఆ తర్వాత ఒక్కో పద్ధతినీ విడిగా పట్టుకుని, కొన్ని వారాల చొప్పున చేసి చూశాను. కొన్ని నాకు పనిచేశాయి, కొన్ని చెయ్యలేదు. నేను వదిలేసిన పద్ధతే ఒక స్నేహితురాలికి బ్రహ్మాండంగా కుదిరింది. అందువల్ల అందరికీ ఇదే మంచిదని చెప్పే ధైర్యం నాకు లేదు. పద్ధతి ఎంచుకునే ముందు మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ రాత ఎక్కడ ఆగిపోతోంది?

కొందరు అసలు కూర్చోరు. కొందరు కూర్చుంటారు, మొదటి వాక్యం దగ్గరే గంట గడిచిపోతుంది. కొందరి దగ్గర సగం సగం రాసి వదిలేసినవి పాతిక దాకా ఉంటాయి. ఇంకొందరు చక్కగా పూర్తి చేస్తారు కానీ, చదివినవాళ్లు "బాగుంది" అని ఊరుకుంటారు. నాలుగు రోజులయ్యాక అందులో ఒక్క ముక్క ఎవరికీ గుర్తుండదు. ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు. నాది నాలుగోది. మందు మాత్రం మొదటి జబ్బుకి వాడాను, అదీ 11 నెలలు.

రోజూనా, ఊపు వచ్చినప్పుడా

ఈ వాదన ఎప్పుడూ తెగదు. ఊపు వచ్చినప్పుడే రాయాలనేవాళ్లు జర్మన్ భాషలో రాసిన కథకుడు కాఫ్కాని చూపిస్తారు. ఆయన 1912 సెప్టెంబర్ 22 రాత్రి పది గంటలకి కూర్చుని, మర్నాడు ఉదయం ఆరింటికి లేచేసరికి ఒక పూర్తి కథ రాసేశాడు. రోజూ రాయాలనేవాళ్లు ఇంగ్లిష్ నవలా రచయిత ఆంథొనీ ట్రోలప్‌ని చూపిస్తారు. తపాలా శాఖలో ఉద్యోగం చేసుకుంటూ, పొద్దున్నే అయిదున్నరకి రాత బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకి 250 పదాల చొప్పున రాసి, ఉద్యోగం మానేశాక రాసినవి కూడా కలిపి 47 నవలలు పూర్తి చేసిన మనిషి.

రెండు కథల్లోనూ చెప్పకుండా వదిలేసే ముక్క ఒకటుంది. కాఫ్కా ఆ రాత్రికి ముందే రెండు మూడేళ్లుగా డైరీలు నింపుతున్నాడు. పగలు బీమా సంస్థలో పని, రాత్రిళ్లు రాత. ఆ ఒక్క రాత్రికి వెనక చాలా రాత్రులు ఉన్నాయి. ఇక ట్రోలప్ తన ఆత్మకథలో ఇంకో సంగతి కూడా చెప్పాడు. పొద్దున్నే రాతకి పెట్టుకున్న మూడు గంటల్లో మొదటి అరగంట కొత్తగా ఏమీ రాసేవాడు కాదు. ముందురోజు రాసింది చదువుకునేవాడు. గడియారం సంగతి మాత్రం అందరికీ గుర్తుంది. అరగంట సంగతి ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు, నోట్‌బుక్‌లో పేజీ తిప్పాక మళ్లీ వెనక్కి చూసింది లేదు.

అసలు కూర్చోలేకపోవడమే మీ సమస్య అయితే, మరో ఆలోచన లేకుండా రోజువారీ పద్ధతి తీసుకోండి. ఎంత రాస్తున్నారో పట్టించుకోకండి, పదిహేను నిమిషాలైనా చాలు. రోజూ చేసే ఒక పనికి దాన్ని అతికించుకోవాలి. నిద్ర లేచి మొహం కడుక్కున్న వెంటనే, లేదా పని నుంచి వచ్చి చెప్పులు విడిచిన వెంటనే. "సాయంత్రం వీలు చూసుకుని" అనుకుంటే ఆ వీలు రాదు.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని చాలామంది నమ్ముతారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో వేరే సంగతి చెప్పారు. భోజనం, నీళ్లు తాగడం, వ్యాయామం లాంటి చిన్న పనులు వాటంతటవే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని వాళ్ల అంచనా. అందులో నాకు ఊరటనిచ్చింది మరో ఫలితం: మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు పడే క్రమం పెద్దగా దెబ్బతినలేదు. ఇది ముందే తెలిసి ఉంటే ఆ జ్వరంలో పేజీ రాసేవాణ్ణి కాదు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, సగం అక్షరాలు నాకే అర్థం కావు.

ఊపు వచ్చినప్పుడు రాసే పద్ధతిని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. ఏళ్ల తరబడి రాసినవాళ్లకి, ఎలా కూర్చోవాలో ఒంటికి తెలిసినవాళ్లకి అది బాగానే నడుస్తుంది. కొత్తవాళ్లకి వచ్చే చిక్కు ఏమిటంటే, వాళ్లకి ఊపు వచ్చేసరికి చేతిలో పనిముట్లు ఉండవు. మనసులో కథ కదులుతూ ఉంటుంది, సంభాషణ ఎలా మొదలుపెట్టాలో తెలియదు. రెండు పేజీలు రాసేసరికి తాము అనుకున్నదానికీ కాగితం మీద ఉన్నదానికీ పొంతన లేదని తెలిసి, ఊపంతా దిగిపోతుంది.

గడియారమా, పదాల లెక్కా

దీని గురించి ఎక్కువ మాట్లాడాల్సింది లేదు. పూర్తి చేయలేనివాళ్లకి పదాల లెక్క మేలు. మొదలుపెట్టలేనివాళ్లకి గడియారం మేలు.

గడియారం పద్ధతికి నాకు తెలిసిన మంచి నియమం డిటెక్టివ్ నవలలు రాసిన రేమండ్ చాండ్లర్‌ది. రాతకి కేటాయించుకున్న సమయంలో రాయక తప్పదనేం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా ఫర్వాలేదు. కానీ ఇంకో పని చేయకూడదు. చదవకూడదు, ఉత్తరాలు రాయకూడదు. ఆయన ఇలా నాలుగు గంటలు కూర్చోమన్నాడు, మనకి నలభై నిమిషాలు చాలు. ఫోన్ వేరే గదిలో పెట్టి ఇలా కూర్చుంటే, పదో నిమిషానికల్లా బోర్ కొట్టి చెయ్యి దానంతటదే పెన్ను వైపు వెళ్తుంది. రాయమని ఎవరూ బలవంతం చేయకపోవడం వల్లే టెన్షన్ తగ్గుతుందనుకుంటాను.

పదాల లెక్క పెట్టుకునేవాళ్లకి ఒక చిన్న హెచ్చరిక. రోజుకి 500 పదాలు, 1,000 పదాలు అని మనం వినే లక్ష్యాలన్నీ ఇంగ్లిష్ రచయితలవి. తెలుగులో ఒక పదం చాలా బరువు మోస్తుంది. "వెళ్లలేకపోయినందుకేనేమో" అన్నది మన లెక్కలో ఒక్క పదం, ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఆరేడు పదాలు అవుతాయి. కాబట్టి వాళ్ల 500 పదాల పని మనకి 300 లోపే అయిపోతుంది. అరువు లెక్కతో కూర్చుని, రోజూ సగంలో అలిసిపోయి, "నాకు రాత పడదు" అనే నిర్ణయానికి వచ్చినవాళ్లని చూశాను. తెలుగులో రాసేవాళ్లు 250తో మొదలుపెట్టుకుంటే సరి.

ఆపకుండా రాయడమా, చూసి రాయడమా

మొదటిదాన్ని ఫ్రీ రైటింగ్ అంటారు. అమెరికాలో పీటర్ ఎల్బో అనే అధ్యాపకుడు 1973లో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. పది నిమిషాలు ఆపకుండా రాయాలి. వెనక్కి వెళ్లకూడదు, కొట్టివేయకూడదు. ఏమీ తోచకపోతే "ఏమీ తోచడం లేదు" అనే రాస్తూ పోవాలి. మొదటి వాక్యం దగ్గర గడ్డకట్టుకుపోయేవాళ్లకి దీన్ని మించిన వైద్యం లేదు. లోపల ఇద్దరుంటారు కదా, ఒకరు రాస్తుంటారు, ఒకరు పక్కన నిలబడి ప్రతి అక్షరానికీ పెదవి విరుస్తుంటారు. ఆ రెండోవారిని పది నిమిషాలు బయటికి పంపడమే దీని పని.

ఇబ్బంది ఎక్కడంటే, ఆ రెండోవారిని మళ్లీ లోపలికి పిలవడం మనం మర్చిపోతాం. నా మూడు నోట్‌బుక్‌లు అచ్చంగా ఇదే. ఆపకుండా రాస్తే చేతికి అలవాటైన మాటలే వస్తాయి. అలవాటైన మాటల్ని 11 నెలలు రాస్తే అవి ఇంకా బలపడతాయి. తప్పు తాళం పట్టుకుని రోజూ గంటసేపు పాడితే ఏమవుతుందో ఇదీ అంతే.

రెండో పద్ధతి నాకు ఆలస్యంగా దొరికింది, నన్ను ఎక్కువగా మార్చిందీ అదే. దీన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో చేశాడు. బోస్టన్‌లో అన్నగారి అచ్చుయంత్రం దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో ఆయనకి ఒక ఇంగ్లిష్ పత్రిక వ్యాసాల సంపుటం చేతికొచ్చింది. ఆ రాత తెగ నచ్చింది. అలా రాయడం ఎలా? ఎవరూ నేర్పేవాళ్లు లేరు. అందుకని ఒక వ్యాసం తీసుకుని, ప్రతి వాక్యంలోని భావాన్ని నాలుగు ముక్కల్లో పొడిగా రాసుకున్నాడు. కొన్ని రోజులు పక్కన పడేశాడు. తర్వాత పుస్తకం చూడకుండా, ఆ పొడి ముక్కల ఆధారంగా వ్యాసం మొత్తం తన మాటల్లో మళ్లీ రాశాడు. అప్పుడు అసలుది తెరిచి పక్కన పెట్టుకుని, తన తప్పులేమిటో చూసి దిద్దుకున్నాడు.

అక్కడితో ఆగలేదు. తన దగ్గర మాటల నిలవ తక్కువగా ఉందని అర్థమై, కొన్ని కథల్ని పద్యాలుగా మార్చాడు. ఛందస్సులో ఇమడాలంటే ఒకే అర్థానికి వేర్వేరు పొడవుల మాటలు వెతుక్కోవాలి కదా. అసలు వచనం మరపున పడ్డాక ఆ పద్యాల్ని మళ్లీ వచనంలోకి తెచ్చాడు. ఇంకోసారి తను రాసుకున్న పొడి ముక్కల చీటీల్ని కలగాపులగం చేసేసి, కొన్ని వారాల తర్వాత వాటిని సరైన వరసలో పేర్చే ప్రయత్నం చేశాడు. ఏ విషయం ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అనేది అలా పట్టుబడింది. ఇదంతా పని అయ్యాక రాత్రిళ్లు, పని మొదలవక ముందు తెల్లవారుజామున, ఆదివారాలు. ఒక్కోసారి చిన్న చిన్న విషయాల్లో అసలు కన్నా తనదే మెరుగ్గా వచ్చిందేమోనని మురిసిపోయేవాణ్ణని కూడా ఆయనే చెప్పుకున్నాడు.

నేను దీన్ని 200 పదాల ముక్కలతో చేశాను. ఇష్టమైన రచనలోంచి ఒక పేరా, వాక్యానికి మూడు నాలుగు మాటల గుర్తు, అయిదు రోజుల విరామం, ఆ తర్వాత తిరిగి రాయడం. మొదటిసారి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మొహం మాడిపోయింది. అసలు పేరాలో మనిషి తలుపు దగ్గర నిలబడి చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుని ఉంటాడు, అంతే. నా దాంట్లో అతను "తీవ్రమైన సందిగ్ధంలో" ఉన్నాడు. ఆ రచన ఎక్కడ ఆగిందో అక్కడ నేను ఆగలేకపోయాను, మరో రెండు వాక్యాలు వివరణ ఇచ్చాను. "నిజానికి" అనే మాట 200 పదాల్లో అయిదుసార్లు వచ్చింది, అసలు పేరాలో ఒక్కసారి కూడా లేదు. 11 నెలల నోట్‌బుక్‌లు నాకు చెప్పని సంగతి ఆ ఒక్క సాయంత్రం చెప్పింది.

ఇలా రాసినవి సాధన కోసమే, సొరుగు దాటకూడదు. ఇంకొకరి ఆలోచన మీద కట్టిన ఇల్లు అది, మన పేరు పెట్టుకోవడానికి లేదు. ఇంకో మాట, ఒకే రచయితని పట్టుకుని ఆరు నెలలు ఇలా చేస్తే ఆ గొంతు మనకి అంటుకుపోతుంది. ముగ్గురు నలుగురిని మార్చి మార్చి చేయండి.

కొత్తది రాయడమా, రాసినదాన్ని తిరగరాయడమా

ఇక్కడ మాత్రం నేను మధ్యే మార్గం పాటించను. ఇప్పటికే పూర్తి చేయగలుగుతున్నవాళ్లకి, రాసేది చప్పగా ఉందని అనిపిస్తున్నవాళ్లకి కొత్తవి రాయడం తగ్గించి పాతవి తిరగరాయమనే నా సలహా. ఎందుకో చెప్పడం కన్నా చూపించడం తేలిక. నోట్‌బుక్‌లోంచి ఒక ముక్క:

"ఆ రోజు నేను ఆసుపత్రికి వెళ్లడం జరిగింది. అక్కడి వాతావరణం చాలా విషాదకరంగా ఉంది. అందరి ముఖాల్లోనూ ఒక రకమైన ఆందోళన కనిపించింది. నాకు ఎంతో బాధ కలిగింది."

తప్పేమీ లేదు. వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ ఇది ఏ ఆసుపత్రికైనా, ఏ రోజుకైనా, ఏ మనిషికైనా సరిపోతుంది. "వెళ్లడం జరిగింది" అంటే నేను వెళ్లానా, నన్నెవరైనా తీసుకెళ్లారా? "ఒక రకమైన ఆందోళన" అంటే ఏ రకం? నాకే తెలియదు కాబట్టి అలా రాశాను. రెండోసారి ఇలా రాశాను:

"ఆసుపత్రి వరండా అంతా మౌనం మంచులా పేరుకుపోయి ఉంది. కుర్చీల్లో కూర్చున్న మనుషులు ఆరిపోతున్న దీపాల్లా ఉన్నారు. నా గుండె బండరాయిలా బరువెక్కింది."

ఇది మొదటిదాని కన్నా హీనం. మొదటిదాంట్లో కనీసం నటన లేదు. తిరగరాయడం అంటే అలంకారాలు దట్టించడం అనుకునే దశ ఇది, చాలామంది ఇక్కడికి వచ్చి, "నా మొదటి రాతే సహజంగా ఉంది" అని వెనక్కి వెళ్లిపోతారు. ఇంకొంచెం ఓపిక పట్టాలి. మూడోసారి రాసే ముందు నేను ఒక్క పని చేశాను. కళ్లు మూసుకుని, ఆ రోజు నిజంగా ఏం చూశానో కాగితం మీద ముక్కలుగా రాసుకున్నాను. ఎక్స్‌రే కవరు. పేరు పిలవడం. ఖాళీ కుర్చీ.

"వెళ్లేసరికి వరండాలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఒకాయన ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని, దాని అంచు మడతపెడుతూ, మళ్లీ విప్పుతూ కూర్చున్నాడు. లోపల్నించి పేరు పిలిచినప్పుడల్లా అందరూ తలెత్తి, తమది కాదని తెలిసి దించేసుకుంటున్నారు. కాసేపటికి ఆయన పక్క కుర్చీ ఖాళీ అయింది. నేను కూర్చోలేదు."

గొప్ప రచన అని చెప్పడం లేదు. కానీ ఇది ఇంకెవరూ రాయలేరు, ఎందుకంటే ఆ కవరు చూసింది నేను. నాలుగో రాతలో "తమది కాదని తెలిసి" కూడా తీసేశాను. తలెత్తి దించుకుంటే చాలు, మిగతాది చదివేవాళ్లకి తెలుసు.

తిరగరాసేటప్పుడు ఏం చూడాలో తెలియక చాలామంది అక్షరదోషాలు దిద్ది ఊరుకుంటారు. నేను చూసేవి కొన్నే. "జరిగింది", "కలిగింది", "చేయబడింది" అని ఉన్నచోట ఎవరు ఏం చేశారో చెప్పగలనా? "చాలా", "ఎంతో", "ఒక రకమైన" తీసేస్తే ఏమైనా పోతుందా? మొదటి పేరా మొత్తం కొట్టేస్తే రెండో పేరా నుంచి మొదలవుతుందా? ఈ చివరి ప్రశ్నకి నా విషయంలో పదిసార్లకి ఏడుసార్లు జవాబు అవుననే వచ్చింది. మొదటి పేరాలో నేను గొంతు సవరించుకుంటున్నానే తప్ప మాట్లాడటం లేదు.

తర్వాత గట్టిగా చదవాలి. లోలోపల చదువుకుంటే పనికిరాదు, మనసు తప్పుల మీద నుంచి దూకేస్తుంది. ఫోన్‌లో రికార్డ్ చేసి, మర్నాడు కాగితం పట్టుకుని వినండి. ఊపిరి ఎక్కడ అందలేదో, నాలుక ఎక్కడ తడబడిందో, చదువుతూ చదువుతూ మీరే తెలియకుండా ఏ మాటని మార్చి చదివారో గుర్తు పెట్టండి. నోరు దానంతటదే మార్చేసిన మాటే దాదాపు ఎప్పుడూ సరైనది.

ప్రస్తుతం నా వారం ఎలా నడుస్తోందంటే, నాలుగు రోజులు కొత్తది, రెండు రోజులు పాతది తిరగరాయడం, ఒకరోజు చదవడం మాత్రమే. ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లకి ఈ లెక్క వద్దు. తిరగరాయడానికి ముందు చేతిలో సరుకు ఉండాలి. ఒక ముప్పై పేజీలు పోగయ్యే దాకా కొత్తవే రాయండి.

పెద్దదొకటా, చిన్నవి పదా

1999లో 21 మందితో మొదలైన నానోరైమో అనే సామూహిక రాత పోటీలో నవంబర్ ఒక్క నెలలో 50,000 పదాలు రాయాల్సి ఉండేది, అంటే రోజుకి 1,667. కొన్నేళ్లకి అది లక్షల మందికి చేరింది, దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది. రాయడమంటే భయం పోగొట్టడానికి అలాంటి పరుగు మంచిదే. అయితే సగం సగం రాసి వదిలేసే జబ్బు ఉన్నవాళ్లు నవలతో మొదలుపెడితే, వదిలేసిన పాతికకి ఇరవయ్యారోది తోడవుతుంది, అదీ పెద్ద సైజులో. వాళ్లకి పనికొచ్చేది ముగింపుల సాధన. రెండేసి పేజీల్లో అయిపోయే పది ముక్కలు రాసి, పదింటినీ ఎలాగోలా ముగించాలి. ముగింపు దరిద్రంగా ఉన్నా సరే ముగించాలి. ముగించడం విడిగా నేర్చుకోవాల్సిన విద్య, మొదలుపెట్టడం ఎంత బాగా వచ్చినా దాంతో పాటు అది రాదు.

పెన్నా ఫోనా అనే ప్రశ్న మీద గంటలు ఖర్చు పెట్టకండి. తిరగరాయడానికి కాగితం నాకు హాయి, మొదటి రాతకి ఏదైనా ఒకటే. ఫోన్‌లో టైప్ చేసేవాళ్లు మాత్రం పైన కనిపించే సూచనల పట్టీని ఒక కంట కనిపెట్టండి. మీరు అనుకున్న మాట రెండు అక్షరాలు కొట్టేసరికి అది దగ్గరి మాటేదో చూపిస్తుంది, వేలు దాని మీద పడిపోతుంది. అలా నెలరోజులు రాస్తే మీ మాటలన్నీ ఫోన్‌కి తెలిసిన మాటలే అవుతాయి. నోటితో చెప్పి టైప్ చేయించడం సంభాషణలు రాయడానికి చాలా బాగుంటుంది. వర్ణనకి నాకైతే పనికిరాలేదు, పుల్‌స్టాప్ లేని ఉపన్యాసంలా వచ్చింది.

ఎవరికి చూపించాలి

ఇందులో నేను ఒక దెబ్బ తిన్నాను. ఎనిమిది మందిమి కలిసి ఒక రాత బృందం పెట్టుకున్నాం. రెండు వారాలకోసారి కలిసి ఒకరి రచన ఇంకొకరు చదివేవాళ్లం. తొమ్మిది నెలల పాటు అందరం అందరికీ "చాలా బాగుందండీ, మనసుని తాకింది" అని చెప్పుకున్నాం. ఒకసారి నేను పొరపాటున వేరే కథలోని పేజీ మధ్యలో కలిపి పంపించాను. పాత్ర పేరు మారిపోయింది, ఊరు మారిపోయింది. అప్పుడు కూడా మనసుని తాకిందనే అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. వాళ్లని తప్పు పట్టను. నేనూ వాళ్ల రచనల్ని అలాగే చదివానేమో, ఎవరికి తెలుసు.

లోపం మనుషుల్లో లేదు, మేం అడిగిన ప్రశ్నలో ఉంది. "ఎలా ఉంది?" అని అడిగితే మర్యాద ఉన్న ఏ మనిషైనా బాగుందనే అంటారు. ఇప్పుడు నేను అడిగేవి రెండే: ఎక్కడ బోర్ కొట్టింది? ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి వచ్చింది? ఆ చోట్ల పెన్సిల్‌తో గీత పెడితే చాలు, కారణం చెప్పక్కర్లేదు. ముగ్గురికి ఇస్తే ముగ్గురూ ఒకేచోట గీత పెట్టిన పేరాలో ఏదో ఉందన్నమాట. దాన్ని ఎలా సరిచేయాలో వాళ్లు చెప్పే సలహా మాత్రం చాలాసార్లు కుదరదు. నొప్పి ఎక్కడో రోగికి తెలుస్తుంది, మందు ఏమిటో తెలియాల్సిన అవసరం లేదు.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936 నుంచి నడుస్తున్న రచయితల వర్క్‌షాప్ వల్ల ప్రపంచమంతా పాకిన పద్ధతి ఒకటుంది. తోటివాళ్లు మన రచన గురించి మాట్లాడుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. వినడానికి క్రూరంగా ఉంటుంది. కానీ "అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే" అని మనం చెప్పడం మొదలుపెట్టగానే చదివినవాళ్లు సర్దుకుపోతారు. ప్రతి పాఠకుడి పక్కనా కూర్చుని మన ఉద్దేశం చెప్పలేం కదా. బృందం పెట్టుకుంటే ఈ ఒక్క నియమం పెట్టుకోండి, నలుగురు చాలు, ఎనిమిది మంది వద్దు.

అయితే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేవాళ్లు అప్పుడే ఎవరికీ చూపించకండి. పెదవి విరిచే మనిషి లోపల ఇప్పటికే ఒకరున్నారు, బయట ఇంకొకర్ని పెట్టుకోవడం ఎందుకు? మూడు నెలలు ఆగండి.

ఏఐ సాధనాలకి చూపించడం ఇప్పుడు తేలికైపోయింది. దోషాలు, ఒకే మాట పదే పదే రావడం, వాక్యం మరీ పొడుగు కావడం లాంటివి చెప్పమని అడిగితే ఉపయోగమే. తిరగరాసి పెట్టమని మాత్రం అడగకండి. అది నున్నగా చేసి ఇస్తుంది, చదవడానికి బాగానే ఉంటుంది, కానీ నేర్చుకోవాల్సిన పని అంతా అది చేసేసింది. వ్యాయామశాలకి వెళ్లి బరువులు ఇంకొకరి చేత ఎత్తించినట్టు.

ఇష్టం ఎక్కడికి పోయింది

ఇంతసేపూ పద్ధతుల గురించే చెప్పాను. ఇదంతా చదివి, రాయడం అంటే ఇష్టం ఉండాలి గానీ ఈ లెక్కలేమిటని కొందరికి అనిపించొచ్చు. సాధన మధ్యలో నాకూ అనిపించింది. ఇష్టం గురించి నేను గమనించింది ఒక్కటే. రాయడం మీద ఇష్టం వేరు, రాసే విషయం మీద ఇష్టం వేరు. మొదటిది వస్తూ పోతూ ఉంటుంది, వర్షాకాలంలో కరెంటు లాగా. రెండోది ఉంటే మొదటిది లేని రోజు కూడా పని నడుస్తుంది. నా స్నేహితురాలు, పైన చెప్పాను కదా నేను వదిలేసిన పద్ధతి కుదిరిందని, ఆమెకి పక్షులంటే పిచ్చి. ఫ్రీ రైటింగ్‌లో నాకు "ఎందుకో తెలియదు కానీ" వచ్చేచోట ఆమెకి కిటికీ అవతలి పిట్ట వస్తుంది. అది ముక్కుతో పుల్ల పట్టుకుని ఎన్నిసార్లు జార్చుకుందో వస్తుంది. ఒకే పద్ధతి, ఇద్దరికీ రెండు ఫలితాలు. సాధన విసుగ్గా ఉందంటే పద్ధతి మార్చే ముందు విషయం మార్చి చూడండి. మీరు ఎవరూ అడగకపోయినా మాట్లాడే విషయం ఏదో ఒకటి ఉంటుంది. దాని మీద రాయండి.

ఇక ఏ పద్ధతి తీసుకున్నా ఆరు వారాలు మార్చకుండా చేయండి. మొదటి రోజు ఒక పేజీ రాసి, తేదీ వేసి, కవరులో పెట్టి అంటించేయండి. ఆరు వారాల తర్వాత అదే విషయం మీద, కవరు తెరవకుండా ఇంకో పేజీ రాయండి. రెండూ తేదీలు కనిపించకుండా మీ రాత అంతగా తెలియని ఒకరికి ఇచ్చి, ఏది తర్వాత రాసిందో చెప్పమనండి. వాళ్లు తటపటాయించకుండా చెప్పగలిగితే అదే పద్ధతి కొనసాగించండి. రెండూ ఒకలాగే ఉన్నాయంటే ఈ వ్యాసం మొదట్లో చెప్పిన నాలుగు జబ్బుల దగ్గరికి మళ్లీ వెళ్లండి, మీరు అనుకున్నది మీది కాకపోవచ్చు.

నా మూడు నోట్‌బుక్‌లు పారేయలేదు. తిరగరాసే రెండు రోజులకి సరుకు వాటిల్లోంచే తీసుకుంటున్నాను. నిన్న తీసిన పేజీ "ఎందుకో తెలియదు కానీ ఈ రోజు మనసు బాగోలేదు" అని మొదలైంది. కొట్టేశాను. దాని కింది వాక్యంలో, అప్పుడు పట్టించుకోని ఒక మూల, పక్కింటాయన ఖాళీ పంజరాన్ని కడిగి ఎండలో పెట్టాడని ఉంది.